వేపమండల వైద్యం

ఆ రోజు పొద్దుటి బండికి తాయారమ్మ తిల్దా వెళ్ళాలి. చెల్లెలు వరహాలమ్మకి సీమంతం. రాయపూర్ రైల్వే క్వార్టర్లో ఆమె పట్టుచీర కట్టుకుని గాజులు ఎక్కించుకుంటూ ఉండగా, పార్సిలు గుమాస్తా భీమారావు భార్య మోచేతి కింద మూడు ఎర్రటి పొక్కులు చూశాడు. భార్యంటే అతనికి పంచప్రాణాలు. ఆ అయిదూ ఒక్కసారే గొంతులోకి వచ్చేశాయి.

"ఇవేటి తాయారూ?"

"దోమలు కుట్టుంటాయండి. తెర చిరిగిపోనాదని నెల్రోజుల్నించి మొత్తుకుంటన్నాను కదా."

తెర మాట వినగానే చెవులు మూసుకోవడం భీమారావుకి అలవాటు. పైగా కిందటి వారమే పక్క లైనులో ఎవరికో అమ్మవారు పోసింది. "దోమలంటావేటి? అమ్మవారు! చెంపలేసుకో" అని ముందు తనే చెంపలేసుకున్నాడు. కడుపుతో ఉన్న చెల్లెలి దగ్గరికి ఈ ఒంటితో ఎలా పంపడం? ప్రయాణం మాన్పించాడు. అమ్మవారున్న ఇంట్లో పోపు వాసన రాకూడదని పప్పులో పోపు మాన్పించాడు. స్టేషనుకి పరుగెత్తి, "ఒంటిమీద పొక్కు కనబడితే మా ఇంటోళ్ళనైనా సరే, బండెక్కనివ్వకు" అని గార్డు నూకరాజు చేత ఒట్టు వేయించుకున్నాడు. వస్తూ వస్తూ చెట్టెక్కి, రెండు మోపుల వేపమండలు విరిచి నెత్తిన పెట్టుకొచ్చి, భార్యకి పక్కంతా పరిచాడు.

"ఏటో కుడతన్నాదండీ" అంది తాయారమ్మ.

"అమ్మవారంటే అలాగే చురుక్కుమంటాది. చుప్, మాటాడకు."

మధ్యాహ్నానికి మూడు పొక్కులు ముప్ఫై అయ్యాయి. భీమారావు మళ్ళీ పరుగెత్తి ఇంకో రెండు మోపులు తెచ్చాడు. తాయారమ్మ సీమంతం పోయిందని ఏడ్చింది, అతను తాయారమ్మ ఎక్కడ పోతుందోనని ఏడ్చాడు. ఆమె కాళ్ళ దగ్గర కూలబడి అమ్మవారికి మేకపోతు మొక్కాడు, నస్యం మానేస్తానన్నాడు, చివరికి దోమతెర కూడా కుడతానన్నాడు.

సంగతి తెలిసి పక్క క్వార్టరు ముసలమ్మ బంగారమ్మ వచ్చింది. కాలనీలో ఎవరికి అమ్మవారు పోసినా చూసి చెప్పేది ఆవిడే. రోగిని వదిలేసి భీమారావు వైపు తేరిపారా చూసింది.

"నీ మొహవేటిరా ఇలాగైపోనాది?"

భీమారావు తడుముకున్నాడు. నుదురు, ముక్కు, బట్టతల అన్నీ పొక్కులే. "నాకూ పోసేసింది పిన్నీ!" అని గోడకి జారగిలబడ్డాడు.

బంగారమ్మ ఒక మండ తీసి గచ్చుమీద దులిపింది. జలజలా ఎర్రచీమలు రాలాయి.

"అమ్మవారు కాదురా, చీమలు! మండ దులిపి పరవాలని కూడా తెల్దేటిరా?"

తాయారమ్మ లేచి కూర్చుంది. తిట్లకి సిద్ధపడి భీమారావు తల వంచుకున్నాడు. ఆమె ఒక్కటే అడిగింది.

"సాయంత్రం బండెన్నింటికి?"

పేరంటానికైనా అందుకుందామని ఇద్దరూ స్టేషనుకి పరుగెత్తారు. తాయారమ్మ కొంగు నిండుగా కప్పుకుని బండెక్కేసింది. భీమారావు మొహానికి మాత్రం ఏ కొంగూ లేకపోయింది.

"మాఫ్ చెయ్యి గురూ, పొద్దున్న నువ్వే కదా ఒట్టేయించావు" అంటూ నూకరాజు పచ్చజెండా ఊపాడు.

తిల్దాలో బూరెలు వడ్డిస్తున్న వేళకి భీమారావు పోపులేని పప్పన్నం తినేసి, దోమతెర ఒళ్ళో వేసుకుని సూదిలోకి దారం ఎక్కించుకుంటున్నాడు.