పది గంటల పోట్లాట

ఆ సోమవారం ఉదయం రామలింగం వేసుకున్న పథకం చాలా చిన్నది. మగ్గం మీదున్న చీరకి మూరెడు కొంగు మిగిలింది. మధ్యాహ్నంలోగా దాన్ని నేసి దించాలి, బెండకాయ వేపుడుతో అన్నం తినాలి, ఓ గంట నడుం వాల్చాలి. చల్లపల్లి చేనేత వీధిలో యాభై ఎనిమిదేళ్ళుగా బతుకుతున్న మనిషికి ఇంతకన్నా పెద్ద పథకాలు వేసుకోవలసిన అవసరం ఎప్పుడూ కనిపించలేదు.

అతని భార్య చౌడేశ్వరమ్మకి పథకమంటూ లేదు గానీ ఓ అలవాటుంది. వంట, అంట్లు, బట్టలు అన్నీ అయ్యేసరికి పది కొడుతుంది. అప్పుడు చేతిలో గరిటె ఉండగానే మగ్గం గదిలోకి వచ్చి మొగుడితో పోట్లాడుతుంది. ముప్ఫై రెండేళ్ళుగా విషయం ఒకటే, తనని ఎక్కడికీ తీసుకువెళ్ళలేదని. పెళ్ళయిన కొత్తలో ఎవరిదో ట్రాక్టరు మీద హంసలదీవి వెళ్ళి సముద్రంలో కాళ్ళు తడుపుకొచ్చారు. ఆవిడకి సంబంధించినంతవరకు ప్రపంచం అక్కడితో ఆగిపోయింది.

వాళ్ళమ్మాయి ధనశ్రీ విజయవాడ పటమటలో ఒక ట్రావెల్స్ ఆఫీసులో పనిచేస్తోంది. చీరలు కొనేవాళ్ళు దారి తెలియక తనకి ఫోన్లు చేస్తుంటే విసిగిపోయి, నాలుగు రోజుల క్రితమే ఇంటిని ఫోను మ్యాపులో పెట్టింది. ఇది ఏ రకం స్థలమని మ్యాపు అడిగింది. ఇచ్చిన జాబితాలో హోటలుంది, పెట్రోలు బంకుంది, పశువుల ఆసుపత్రి ఉంది, మగ్గం ఇల్లు మాత్రం లేదు. కాస్త దగ్గరగా కనిపించింది మ్యూజియం ఒక్కటే. నాన్న మగ్గం, నాన్న రేడియో, నాన్న అభిప్రాయాలు అన్నీ కలిపి చూస్తే అదేమంత అబద్ధం కూడా కాదనిపించి, దాని మీద నొక్కేసింది.

పదికి పది నిమిషాలుండగా వీధిలో కారు ఆగింది. విజయవాడ డ్రైవరు జోయెల్ ముందు దిగాడు. వెనక హెలెన్ అనే ఆవిడ, ఆవిడ భర్త దిగారు. వాళ్ళది ఆమ్‌స్టర్‌డామ్. వాళ్ళ ఊళ్ళో టూరిస్టుల పోరు పడలేక, టూరిస్టులు లేని చోటు వెతుక్కుంటూ వీళ్ళే టూరిస్టులై వచ్చారు. ఘంటసాలలో బౌద్ధ శిల్పాలు చూశాక, దగ్గర్లోనే ఇంకో మ్యూజియం ఉందని మ్యాపు చెప్పింది. చెప్పులు విప్పి, మాట్లాడకుండా వచ్చి వసారాలో చాప మీద కూర్చున్నారు. కూతురు పంపిన చీరల బేరమేమో అనుకుని రామలింగం తల ఊపి, పోగుల మధ్య నాడె ఆడించడం మొదలుపెట్టాడు.

వసారాలో మనుషులున్నారని చౌడేశ్వరమ్మకి తెలియదు. పెరటి గుమ్మంలోంచి వచ్చింది.

"ఏమయ్యా, ఎదురింటి వాళ్ళు వియత్నాం వెళ్ళొచ్చారు, తెలుసా?"

"వెళ్ళనీ. అక్కడా వరి చేలే, ఇక్కడా వరి చేలే. కాలవ గట్టున నిలబడితే సరిపోదూ?"

"అన్నిచోట్లా నీళ్ళూ ఒకటేగా! రేపట్నుంచి కాఫీ మానేసి ఆ కాలవ నీళ్ళే తాగు."

"మగ్గం వదిలేసి ఎలా రమ్మంటావే?"

"మా నాన్న నన్ను నీకిచ్చి చేశాడా, మగ్గానికిచ్చి చేశాడా?"

గరిటె మగ్గం కర్రకి తగిలి ఠంగుమంది. సరిగ్గా అప్పుడు వసారాలోంచి చప్పట్లు వినిపించాయి. చౌడేశ్వరమ్మ ఒక్క అంగలో వంటింట్లోకి మాయమైపోయింది.

హెలెన్ కళ్ళు మెరుస్తున్నాయి. ఏమిటిదంతా అని జోయెల్‌ని అడిగింది. మొగుడూ పెళ్ళాం కొట్టుకుంటున్నారని విదేశీయుల ముందు చెప్పడానికి జోయెల్‌కి నోరు రాలేదు. ఇది ఆలుమగల సంవాదమనే ప్రాచీన కళ అనీ, ఈ ఇంట్లో తరతరాలుగా రోజూ సరిగ్గా పదింటికి ప్రదర్శిస్తారనీ చెప్పేశాడు.

వెళ్ళేముందు రామలింగం దగ్గరికొచ్చి చెవిలో అన్నాడు. "మన పరువు పోకూడదని చిన్న అబద్ధమాడాను బాబాయ్ గారూ. ఏమనుకోకండి."

"పోన్లే, వెళ్ళిపోయేవాళ్ళేగా" అన్నాడు రామలింగం.

వెళ్ళినవాళ్ళు ఊరుకోలేదు. హెలెన్ ఆ సాయంత్రమే ఫోటోలతో సహా రాసి పెట్టింది. క్యూ లేదు, టిక్కెట్టు లేదు, తోపులాట లేదు, ప్రపంచం ఇంకా కనిపెట్టని చోటు ఇదొక్కటే, దయచేసి ఎవరికీ చెప్పకండి అని. వారం తిరిగేసరికి పదకొండు వేల మంది చదివారు.

మంగళవారమే నలుగురొచ్చారు. ఆ మర్నాడు తొమ్మిది మంది. శనివారం నాటికి చేనేత వీధిలో కార్లు తిరగడానికి చోటు లేక కాలవ గట్టున ఆపారు. బస్టాండు దగ్గరుండే ఇడ్లీ బండి శౌరమ్మ, ఎవరూ పిలవకుండానే, బండిని రామలింగం ఇంటి ముందుకి నెట్టుకొచ్చింది.

పటమట ఆఫీసులో యజమాని వెంకటకృష్ణారావు ఇదంతా ఫోనులో చూసి కుర్చీలోంచి లేచాడు. పాతికేళ్ళుగా కృష్ణా జిల్లా వాళ్ళని బ్యాంకాక్ నుంచి ప్యారిస్ దాకా తిప్పిన మనిషి ఆయన.

"ట్రెండు మారిపోయిందమ్మా ధనశ్రీ! కోటలూ గోపురాలూ ఎవడిక్కావాలి? స్పెయిన్‌లో జనం టూరిస్టుల మీద బొమ్మ తుపాకులతో నీళ్ళు కొడుతున్నారు. ఇప్పుడందరికీ కావలసింది మామూలు ఊళ్ళు, మామూలు మనుషులు! మన చల్లపల్లి దగ్గర ఎవరో ముసలి దంపతులు అద్భుతమైన కళ ప్రదర్శిస్తున్నారట. మీ ఊరేగా, నీకు తెలీదా?"

"మా ఊళ్ళో అలాంటి కళేమీ లేదు సార్."

"ఇంటి దగ్గరున్నవాళ్ళకి విలువ తెలీదు. ఘంటసాల స్తూపం, చెరుకు రసం, పది గంటల సంవాదం. హాఫ్ డే ప్యాకేజీ. కరపత్రం నువ్వే తయారుచెయ్యి. ఫోటో పంపుతున్నా."

ఫోటో తెరిచింది ధనశ్రీ. గరిటె ఎత్తిన తల్లి కనిపించింది. వెంటనే ఇంటికి ఫోను చేసింది.

"అమ్మా! ఏం జరుగుతోందక్కడ?"

"తర్వాత చెయ్యవే, పది కావస్తోంది. ఇవాళ జపాను వాళ్ళొచ్చారు" అని చౌడేశ్వరమ్మ ఫోను పెట్టేసింది.

మ్యాపులోంచి ఇంటిని తీసేద్దామని ధనశ్రీ ఆఫీసు మేడ మీదికెళ్ళి మూడుసార్లు ప్రయత్నించింది. ఇంత ఆదరణ ఉన్న మ్యూజియాన్ని మూసేయడానికి సరైన కారణం రాయమంది మ్యాపు. మా అమ్మా నాన్నా అని రాసింది. కారణం చాలదంది.

రెండు రోజులు సిగ్గుపడ్డ చౌడేశ్వరమ్మ మూడోరోజు నుంచి పట్టుచీర కట్టి, జడలో మల్లెపూలు పెట్టుకుని గరిటె పట్టుకుంటోంది. ఆవిడ అన్న ప్రతి మాటకీ జోయెల్ అర్థం చెప్పేవాడు, వసారా ఘొల్లుమనేది. హైదరాబాదు నుంచి వచ్చినవాళ్ళకి అర్థం చెప్పనక్కర్లేదు. వాళ్ళే ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టేవాళ్ళు. భీమవరం ఆవిడెవరో అయితే ఆగలేక మధ్యలో అందించింది, "ఆడపడుచుల సంగతి కూడా కడిగెయ్యండి పిన్నిగారూ!" అని.

రామలింగానికి మాత్రం నరకమైపోయింది. పోగులు తెగుతున్నాయి. ఎవరో వచ్చి పడుగు పోగులు పట్టుకుని చూస్తారు, ఇంకెవరో మగ్గం గుంటలోకి తొంగిచూసి అతని కాళ్ళకి ఫోటో తీస్తారు. మూరెడు కొంగు మూరెడుగానే ఉండిపోయింది. అన్నిటికన్నా అతన్ని కుంగదీసింది ఇంకొకటి. ముప్ఫై రెండేళ్ళుగా ఈ పోట్లాటలో రోజూ తనే గెలుస్తున్నానని అతను నమ్ముతూ వచ్చాడు. ఇప్పుడు ఇన్ని దేశాల వాళ్ళు వచ్చి వింటే, ఒక్కడు కూడా అతని పక్షాన లేడు.

రెండో వారంలో ఓ పొద్దున, మాట మీద మాట నడుస్తుండగా వసారాలోంచి ఓ జపాను పెద్దాయన లేచి నిలబడ్డాడు. వంగి నమస్కారం పెట్టి ఇంగ్లీషులో ఏదో అడిగాడు. జోయెల్ ఇబ్బందిగా నవ్వాడు.

"ఆవిడ ఇంతగా అడుగుతుంటే ఎందుకు తీసుకెళ్ళరని అడుగుతున్నాడు బాబాయ్ గారూ. మగ్గం కారణం కాదనిపిస్తోందట. ఆయన కూడా నేతగాడేనట."

నాడె ఆగింది. నలభై జతల కళ్ళు అతని మీదే ఉన్నాయి. చౌడేశ్వరమ్మ గరిటె దించి చూస్తోంది. రామలింగం పెద్దగా అరిచేశాడు.

"నాకు బస్సు పడదు! చాలా?"

"ఏంటీ?" అంది చౌడేశ్వరమ్మ.

"బస్సెక్కితే పామర్రు రాకుండానే కడుపులో తిప్పేస్తుంది. పెళ్ళికి ముందు మీ ఊరు పెళ్ళిచూపులకొచ్చినప్పుడు కూడా దారిలో రెండుసార్లు దిగాను. మగాణ్ణి, పసిపిల్లాడిలా వాంతులు చేసుకుంటానని నీకెలా చెప్పేది? అందుకే మగ్గం అన్నాను. ఓసారి అన్నాక ఇంక మార్చలేకపోయాను."

చౌడేశ్వరమ్మ మగ్గం పక్కన చతికిలపడింది.

"ముప్ఫై రెండేళ్ళు... నేనంటే ఇష్టం లేక తీసుకెళ్ళట్లేదనుకున్నానయ్యా."

"ఛ, ఊరుకో" అన్నాడు రామలింగం. కండువాతో ఆవిడ కళ్ళు తుడవబోయి, జనాన్ని చూసి తన మొహమే తుడుచుకున్నాడు. జపాను పెద్దాయన ఇంకోసారి వంగి నమస్కరించి వెళ్ళిపోయాడు.

మర్నాడు పదింటికి యాభై మంది ఎదురుచూస్తుంటే చౌడేశ్వరమ్మ గరిటెకి బదులు కాఫీ గ్లాసుతో వచ్చింది. "పంచదార సరిపోయిందా?" అంది. "సరిపోయింది" అన్నాడు రామలింగం. సంవాదం అయిపోయింది. జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

వెంకటకృష్ణారావు గుండె జారిపోయింది. గురువారం ఏడు దేశాల ట్రావెల్ కంపెనీల ప్రతినిధులు వస్తున్నారు. వాళ్ళకి నచ్చితే ఏడాది పొడవునా బస్సులు నడుస్తాయి. నచ్చకపోతే ఆఫీసే మూసుకోవాలి. ధనశ్రీ ఉద్యోగం కూడా అందులోనే ఉంది. ఆ జంట తన అమ్మానాన్నలేనని ధనశ్రీ చెప్పేసరికి, బుధవారం సాయంత్రం ఆమెని తీసుకుని ఆయనే స్వయంగా చల్లపల్లి వచ్చాడు.

"రామలింగం గారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఒక్కరోజు పోట్లాడుకోండి!"

"కోపం రావట్లేదండీ. ఏం చేయమంటారు?" అన్నాడు రామలింగం నిజాయితీగా.

కూతురి మొహం చూసి చివరికి ఒప్పుకున్నారు. గురువారం పదికల్లా ప్రతినిధులు వసారా నిండా కూర్చున్నారు. బొట్టుపెట్టి ఆహ్వానించడానికి వెంకటకృష్ణారావు విజయవాడ భవానీపురంలోని ఇంటి నుంచి తన భార్య ఛాయాదేవిని కూడా వెంటబెట్టుకొచ్చాడు. చౌడేశ్వరమ్మ గరిటెతో ప్రవేశించింది.

"ఏమండీ, మరేమో... మీరు కాస్త తప్పు చేశారేమోనండీ."

"క్షమించండి. ఇంకెప్పుడూ చెయ్యను."

"పర్లేదు లెండి. భోజనం ఎన్నింటికి పెట్టమంటారు?"

ప్రతినిధుల్లో ఇద్దరు ఆవలించారు. ఒకాయన గడియారం చూసుకున్నాడు. వెంకటకృష్ణారావు ఉండబట్టలేక మధ్యలోకి దూకాడు.

"అలాక్కాదమ్మా! ముప్ఫై రెండేళ్ళు ఎక్కడికీ తీసుకెళ్ళలేదుగా, నిలదీయండి! ఏం మనిషివయ్యా అని అడగండి!"

"ఆవిడెందుకు, నేనడుగుతాను" అని వెనకనుంచి వినిపించింది.

అందరూ తిరిగి చూశారు. ఛాయాదేవి కుంకుమ పళ్ళెం కింద పెట్టి ముందుకొచ్చింది.

"ఏమండీ, మీ ఆఫీసు గోడ మీద ఈఫిల్ టవర్ ముందు నా ఫోటో ఉంది. నేనెప్పుడెళ్ళాను ప్యారిస్?"

"ఛాయా, అది మార్కెటింగ్..."

"మీ తమ్ముడు బాబీ పెళ్ళిలో దిగిన ఫోటోలోంచి నా తలకాయ కత్తిరించి అతికించారు! గోవా అంటే సీజన్ అన్నారు. బాలి అంటే గ్రూపులో సీటు లేదన్నారు. మన పెళ్ళిరోజుకి ఊటీ టిక్కెట్లు తీసి, ఎవరో కస్టమరు బతిమాలాడని స్టేషన్లో నేను చీర సర్దుకుంటుండగా వాడికిచ్చేశారు!"

"గెస్టులున్నారు, ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం!"

"ఇంట్లో మీరెప్పుడున్నారు? జిల్లా అంతా విమానాలెక్కింది. నేను మాత్రం ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి పడవల్ని చూస్తున్నాను. అదే నా క్రూయిజు!"

వంటింటి గుమ్మంలోంచి ధనశ్రీ, మగ్గం గుంటలోంచి రామలింగం నోళ్ళు తెరిచి చూస్తున్నారు. చౌడేశ్వరమ్మ మెల్లగా వెళ్ళి తన గరిటె ఛాయాదేవి చేతికిచ్చింది. ఈసారి జోయెల్ ఒక్క ముక్క కూడా మార్చకుండా ఉన్నదున్నట్టు అర్థం చెప్పాడు. ఇరవై నిమిషాలకి ఛాయాదేవి ఊపిరి తీసుకోవడానికి ఆగితే ఏడు దేశాల వాళ్ళూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

ఒప్పందం అక్కడికక్కడే కుదిరింది. ఒకటే షరతు. చల్లపల్లి జంట కాస్త పాతబడినట్టుంది, ఈ కొత్త జంటే కావాలన్నారు. వచ్చే నెల నుంచి బస్సులు నేరుగా భవానీపురంలోని వెంకటకృష్ణారావు ఇంటికి వెళ్తాయని రాసుకున్నారు. ఆయన ఛాయాదేవి వైపు చూడకుండా సంతకం పెట్టాడు. శౌరమ్మ ఆ మధ్యాహ్నమే భవానీపురంలో బండి పెట్టడానికి చోటెక్కడుందని వాకబు చేసింది.

వీధి ఖాళీ అయింది. రామలింగం కొంగు నేసి చీర దించాడు. చేసిన ఇబ్బందికి వెంకటకృష్ణారావు వాళ్ళిద్దరికీ అరకు వెళ్ళడానికి రైలు టిక్కెట్లు పంపాడు. రైలు బస్సులాంటిది కాదు, కుదుపు ఉండదని ధనశ్రీ నచ్చజెప్పింది. జోయెల్ కారు అద్దాలన్నీ దించి, ఎద్దుబండి కన్నా నెమ్మదిగా నడిపి వాళ్ళని బందరు స్టేషన్లో దింపాడు. ఎందుకైనా మంచిదని రామలింగం చేతిలో ఓ నిమ్మకాయ పెట్టాడు.

రైలు కదిలింది. రామలింగం కళ్ళు గట్టిగా మూసుకుని కడుపులో తిప్పడం కోసం ఎదురుచూశాడు. పెడన దాటింది. ఏమీ కాలేదు. గుడివాడ కూడా దాటింది. కిటికీలోంచి చల్లగాలి వస్తోంది. చేలు, కాలవలు, కొబ్బరిచెట్లు అన్నీ తనకోసమే పరిగెత్తుతున్నట్టున్నాయి. అతనికి పాతికేళ్ళు తగ్గిపోయాయి.

"చూశావుటే! నాకేం కాలేదు! అరకు ఏంటి, కాశీ వెళ్దాం, కాశ్మీరు వెళ్దాం, ఇంక మనల్ని ఆపేదెవరు?" అంటూ భార్య వైపు తిరిగాడు.

చౌడేశ్వరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, మాట్లాడకుండా చెయ్యి చాపి ఆ నిమ్మకాయ అడిగింది.