పరాయి దేశపు జైల్లో గిరిప్రసాద్ గుండు

మా పక్కింటి గిరిప్రసాద్ ఎలక్ట్రికల్ షాపులో ఫ్యాన్లు అమ్ముతూ, షాపు అద్దంలో విలన్ చూపులు చూసుకుంటూ ఉంటాడు. అందుకే మా వీధిలో ఆయన పేరు సీలింగ్ స్టార్.

ఈ మధ్య చిత్తూరు దగ్గర మూతబడ్డ చక్కెర ఫ్యాక్టరీలో ఏదో విదేశీ జైలు సెట్టు వేశారు. ఒక్క హీరో జైలు వార్డర్లందరినీ ఉతికి ఆరేసే పాతకాలపు ఫైటింగు సినిమా. అది ఏ దేశమో అక్కడెవరికీ తెలియదు. గోడ మీది అక్షరాలు ఏ భాషవో రాసిన పెయింటరుకే తెలియదు.

ఖైదీల గుంపులో ఒకడిగా గిరిప్రసాద్‌కు పిలుపొచ్చింది. ఆయన భార్య పంకజాక్షి అప్పుడే ఐరాలలోని పుట్టింటికి తనతో రమ్మంది. షాపులో లీవు ఇవ్వలేదని చెప్పి, ఆమెను బస్సెక్కించి, మరుసటి బస్సులో ఈయన జైలుకు పోయాడు.

అక్కడ కుర్చీలో కూర్చోబెట్టి, ఇదేంటని అడిగేలోపల సగం తల గొరిగేశారు. ఖైదీలందరికీ గుండ్లేనట. సగం తలతో ఇంటికి పోలేక మిగతా సగమూ సమర్పించుకున్నాడు.

మా ఊరు తిరుపతి. ఇక్కడ గుండు చూసి కారణం అడిగేవాళ్లు ఎవరూ ఉండరు, పెళ్లాం తప్ప.

"ఏందయ్యా ఇది?" అంది పంకజాక్షి, ఐరాల నుంచి వస్తూనే.

"కొండకు పోయినాను. తలనీలాలు ఇచ్చినాను."

"లీవు లేదంటివే?"

"దేవుడు పిలిస్తే లీవేంది?"

"మరి లడ్డు యాడ?"

"దారిలో ఆకలేసి తినేసినాను."

"ఒక్కడివే? సరే, ఏం మొక్కుకున్నావు?"

గిరిప్రసాద్ ఇంతదూరం ఆలోచించి పెట్టుకోలేదు. నోటికేది వస్తే అది అనేశాడు.

"నీ ఆరోగ్యం కోసమే."

పంకజాక్షి గుండె మీద చెయ్యి వేసుకుంది. కళ్లు తిరుగుతున్నాయని కిందటి వారమే ఆమె రక్తపరీక్ష చేయించుకుంది. రిపోర్టు తెచ్చింది ఈయనే.

"అయితే నా రిపోర్టులో ఏందో ఉండాది. నాతో దాస్తా ఉండావు."

"ఏమీ లేదు పంకజా!"

"ఏమీ లేనిదానికి గుండు కొట్టించుకుంటారా ఎవరైనా?"

ఆమె పోయి మంచమెక్కింది. పొద్దున్నే అత్తగారు చౌడేశ్వరమ్మ ఐరాల నుంచి శోకాలు పెడుతూ దిగింది. "నా బిడ్డకు ఏమాయ అల్లుడా?"

"ఏమీ కాలేదత్తా!"

"అయ్యో, సెప్పుకోలేనంత పెద్దదా!"

వంట గిరిప్రసాద్ మీద పడింది. ఆయన చారు పెడితే అత్తగారు ఒక గుక్క తాగి, "జబ్బు మనిషికి ఇంత కారమా?" అని ఏడ్చింది. కారం తగ్గిస్తే, "ఇప్పుడే పత్యమా!" అని ఇంకా గట్టిగా ఏడ్చింది. వీధివాళ్లు అరటిపండ్లతో పరామర్శకు వచ్చారు. ఆ అరటిపండ్లు అత్తగారే తినింది, దిగులుతో.

పంకజాక్షిని డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన పరీక్ష చేసి, ఈమెకు ఏమీ లేదన్నాడు. బయటికొచ్చాక పంకజాక్షి అంది: "అట్లా సెప్పమని డాక్టరుకు నువ్వే సెప్పి పెట్టినావు కదా?"

ఆ సాయంత్రం గిరిప్రసాద్ మా అరుగు మీద కూలబడ్డాడు. జరిగిందంతా నాతో చెప్పుకున్నాడు. "అన్నా, ఆమె నిజంగానే అన్నం సరిగ్గా తినడం లేదన్నా. దేవుడి పేరు పెట్టి అబద్ధమాడినాను. నా నోటి మాట నిజమైతే ఏం జేసేది?"

"నిజం సెప్పెయ్యప్పా."

"సంపేస్తాది అన్నా!"

నెలన్నరలోనే ఆ సినిమా చుట్టేసి విడుదల చేశారు. పంకజాక్షి మంచం మీద నుంచి నీరసంగా అంది: "సచ్చేలోపల ఒక్క సినిమా సూడాలని ఉండాది. ఆ జైలు సినిమా."

"అది వద్దు! అంతా రక్తం!" అన్నాడు ఈయన.

"నాకేమో రక్తంలోనే జబ్బాయ," అంది ఆమె.

మ్యాట్నీకి నన్ను కూడా తోడు తీసుకుపోయాడు. ఏసీ హాల్లో ఆయన చొక్కా తడిసి ముద్దయింది. తెర మీద హీరో పిడికిలి ఎత్తాడు. దెబ్బ తగలకముందే ఒక ఖైదీ బకెట్లో కాలు పెట్టి వెల్లకిలా పడ్డాడు. కనిపించింది గుండు వెనక భాగమే, అదీ రెప్పపాటు. పంకజాక్షి నీరసంగా తెర వైపే చూస్తోంది. గిరిప్రసాద్ ఊపిరి పీల్చుకున్నాడు.

ఇంటర్వెల్ తర్వాత జైలు గేటు దగ్గర ఖైదీల భార్యలు. అందరికీ గౌన్లు, దొరసానుల మాదిరి పసుప్పచ్చ జుట్టు విగ్గులు. వాళ్లలో ఒకామె మొహం తెరంతా నిండిపోయింది. ఊచలు పట్టుకుని గుండెలవిసేలా ఏడుస్తోంది: "మా ఆయన ఏ తప్పూ చెయ్యలేదు దొరా!"

పంకజాక్షి! ఆమె వెనక, దొరసాని టోపీ పెట్టుకుని ముక్కు చీదుతూ చౌడేశ్వరమ్మ! హాల్లో ఈలలు పడ్డాయి.

"నువ్వు... ఐరాలకు కదా..." అన్నాడు గిరిప్రసాద్.

"ఐరాలకే పోయినాము. ఏడ్చే ఆడోళ్లు కావాలని ఏజెంటు వస్తే, అమ్మా నేనూ వ్యానెక్కినాము. ఆడికి పోయి సూస్తే, బకెట్లో కాలు పెట్టి పడిన గుండోడు నా మొగుడే."

"మరి ఇన్నాళ్లూ ఆ మంచం, ఆ ఏడుపు?"

"డైరెక్టరు సెప్పినాడు. ఏడుపు బాగుండాది, ఇంకా ప్రాక్టీసు చెయ్యమ్మా అని."

అరుస్తాడనుకున్నాను. ఆయన అరవలేదు. "అంటే నీకు ఏమీ లేదా?"

"నాకేంది, రాయి మాదిరి ఉండా."

చీకట్లో గిరిప్రసాద్ కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. పంకజాక్షి కూడా చూసినట్టుంది. పాప్‌కార్న్ పొట్లం ఆయన ఒళ్లోకి తోసింది.

బయటికి రాగానే జనం చుట్టుముట్టారు. "అదిగో, గేటు కాడ ఏడ్చినామె! అక్కా, ఒక్క సెల్ఫీ!"

గిరిప్రసాద్ చొక్కా సర్దుకుని, విలన్ చూపు చూస్తూ భార్య పక్కన నిలబడ్డాడు.

గుంపులో ఒకాయన తన ఫోను తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. "అన్నా, నువ్వు ఇట్లొచ్చి మాకందరికీ ఒక ఫొటో తియ్యి."

తీశాడు. ఎవరి తలా తెగకుండా, చాలా బాగా తీశాడు.