ఎడమ సగానికి సీటు

కరుణకుమారి ఎడమ మెదడు క్లినికల్ న్యూరోఫిజియాలజీ పీజీలో చేరిన రోజున, ఆమె కుడి మెదడు యథాప్రకారం కాకినాడలోని ఒక ఆసుపత్రిలో డ్యూటీకి హాజరైంది.

ఉద్యోగం చేసుకునేవాళ్ళ కోసం పెట్టిన పార్ట్‌టైమ్ కోర్సు అది. ఆసుపత్రి సెలవివ్వదు, యూనివర్సిటీ హాజరు తగ్గనివ్వదు. అందుకని విద్యార్థి మెదడులో సగాన్ని అటు, సగాన్ని ఇటు ఉంచే పద్ధతి చాలాకాలంగా అమల్లో ఉంది. నర్సులూ ఫిజియోథెరపిస్టులూ అలా చదివే పైకొచ్చారు. యూనివర్సిటీ గేటు దగ్గర వాచ్‌మన్ హెల్మెట్లకిచ్చినట్టే వచ్చిన సగానికీ టోకెన్ ఇచ్చేవాడు.

"ఏ సగం పంపుతున్నారమ్మా?" అని చేరేముందు అడిగారు ఆసుపత్రిలో న్యూరాలజీ పెద్ద డాక్టరు అవధాని.

"ఎడమదండి. మాటలన్నీ అందులోనే కదండీ. వైవాలో నోరు పెగలకపోతే ఫెయిల్ చేసేస్తారంట."

"మరి ఇక్కడ పేషెంట్లతో?"

"కుడిది పాడుద్దండి."

నిజంగానే పాడింది. ఫిట్స్ వచ్చేవాళ్ళ తలకు తీగలు అంటించి ఈఈజీ తియ్యడం ఆమె ఉద్యోగం. మాటలు పోయినా రాగం మిగిలింది గనక, కళ్ళు మూసుకోమనీ తల కదపొద్దనీ జోలపాట వరసలో చెప్పేది. పిల్లలు ఏడుపు మానేశారు. పెద్దవాళ్ళు అవసరం లేకపోయినా మళ్ళీ వచ్చి పడుకున్నారు. అక్కడ క్లాసులో ఎడమ సగం చెప్పింది చెప్పినట్టు రాసుకునేది. ఎవరి ముఖమూ గుర్తుపట్టేది కాదు, జోకులకు నవ్వేది కాదు. ప్రొఫెసర్ దాన్ని ఆదర్శ విద్యార్థి అని మెచ్చుకున్నాడు.

సాయంత్రానికి రెండూ తలలోకి చేరాలని నిబంధన. సెమినార్లు మొదలయ్యాక ఎడమది అక్కడే ఉండిపోయింది. రిపోర్టులు మిగిలిపోయాయని ఆసుపత్రి కుడిదాన్ని ఆపేసింది. ఇక ఇంటికెళ్ళింది ఒట్టి మనిషే. బస్సు దిగి, బియ్యం కడిగి, చేపల పులుసు పెట్టి, అడిగినదానికల్లా తలూపింది.

ఇంట్లోవాళ్ళు తేడా గమనించారు. సంతోషించారు.

"చూశావా అమ్మా, చదువుకుంటే మనిషికి ఎంత వినయం వచ్చేసిందో!" అన్నాడు భర్త ప్రభుదాసు.

"ముందే చేర్పించాల్సిందిరా," అంది అత్తగారు.

వైవాలో విద్యార్థులు తమ తల మీదే తీసుకున్న ఈఈజీని చదివి వినిపించాలి. ఎగ్జామినరుగా వచ్చినావిడ కరుణకుమారి సాయంత్రపు రికార్డు ముందు పెట్టింది. గీతలన్నీ బల్లపరుపుగా ఉన్నాయి.

"ఇలా ఉంటే ఏమంటారమ్మా?"

"మెదడు పనిచెయ్యట్లేదంటామండి."

"మరి ఈ చిన్న చిన్న కదలికలు?"

"అవి కండరాలవండి. ఇది అంట్లు తోమడం. ఇది తలూపడం."

"ఎవరిదిది?"

"నాదేనండి. ఇంటి దగ్గరున్నప్పటిది."

ఆవిడ ఆ కాగితాన్ని తిరిగి ఇచ్చేసింది. "నాదీ అచ్చం ఇలాగే ఉంటుంది," అని ఫస్టు క్లాసు వేసింది. కరుణకుమారి దాన్ని నాలుగు మడతలు పెట్టి దాచుకుంది. దుఃఖమంతా కుడి సగంలో ఉండిపోవడంతో ఎందుకో తనకే తెలియలేదు.

డిగ్రీ వచ్చి, రెండు సగాలూ తలలో కలిసిన సాయంత్రం అదెందుకో తెలిసింది. చాలాసేపు ఏడ్చింది. తర్వాత ముఖం కడుక్కుని, ఈ పూట వంట మీరు చెయ్యండి అని భర్తతో అంది. అత్తగారు ఏదో సంగతి చెబితే, అది అబద్ధమని నవ్వుతూనే అంది. కిటికీలో కూర్చుని గొంతెత్తి పాడింది. వారం తిరక్కుండానే ఇల్లంతా బెంబేలెత్తిపోయింది.

ప్రభుదాసు భార్యను వెంటబెట్టుకుని యూనివర్సిటీ ఆఫీసుకు వెళ్ళాడు.

"పీహెచ్‌డీ కూడా పార్ట్‌టైమేనాండీ?"

"అవునండి," అన్నాడు గుమాస్తా, తలెత్తకుండానే. "ఎక్కువగా ఇంట్లోవాళ్ళే తీసుకొచ్చి చేర్పిస్తున్నారు. ఏ సగం?"

ప్రభుదాసు భార్య వైపు చూశాడు. కరుణకుమారి తలలో అప్పటికే వాదన మొదలైంది. చదువు తనకే కావాలని ఎడమది, ఈసారి తన వంతని కుడిది. ఓడినది ఆసుపత్రికి పోవాలని రెండూ తేల్చుకున్నాయి. ఇంటికెళ్తానని మాత్రం ఏదీ అనలేదు.