ఇప్పసారా ఆవిరిలో ఏముంది?

ఒక పెద్ద అడవిలో ఒక హైస్కూలు ఉండేది. బడి ఉన్నాక దాని నెత్తిమీద ఒక ఆఫీసు ఉండక తప్పదు గదా, అదీ ఉండేది. ఆ బడిలో పదో తరగతికి కెమిస్ట్రీ చెప్పేది జాంబయ్య మాస్టారు. ఎలుగుబంటి. పంతొమ్మిదేళ్లుగా ఒకే నోట్సు, ఒకే ఇప్పచెట్టు నీడ.

ఒకరోజు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. కర్బన రసాయనశాస్త్రంలో పిల్లలకున్న అపోహలు లెక్కబెట్టి నెలలోగా సున్నా చెయ్యాలట. చెయ్యలేని మాస్టారికి బోడికొండ బడికి బదిలీ అట.

జాంబయ్య హడలిపోయాడు. బోడికొండ మీద ఒక్క ఇప్పచెట్టు లేదు. పువ్వే లేనిచోట సారా ఎక్కణ్ణుంచి వస్తుంది? సాయంత్రం రెండు దోసిళ్లు పడకపోతే ఆయనకు తిన్నది అరగదాయె.

వెంటనే పరీక్ష పెట్టాడు. "ఆల్కహాల్ మరిగితే వచ్చే ఆవిరిలో ఏముంటుంది?"

నలభైమంది "కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ విడివిడిగా ఉంటాయి" అని రాశారు. నోట్సులో ఉన్నది అదే. అడవిపంది వీరన్న కూతురు వరాలు ఒక్కతే "ఆల్కహాలే ఉంటుంది" అని రాసింది.

హమ్మయ్య, ఉన్నది ఒక్క అపోహే అనుకున్నాడు మాస్టారు. వరాలుని దగ్గర కూర్చోబెట్టుకున్నాడు.

"మరిగితే అణువులో బంధాలు తెగిపోతాయమ్మా."

"మరి మా నాన్న సారా కాసేటప్పుడు గొట్టంలోంచి చల్లారి పడేది సారానే గదా సార్? బొగ్గు పడదే. మీరూ రోజూ తాగుతున్నారు గదా."

జాంబయ్య నోట్సు మీద వేలు పెట్టాడు. "అది ఇల్లు తల్లీ. ఇది సిలబస్."

వరాలుకి నమ్మకం కుదరలేదు గానీ, సారు బోడికొండకు పోతారంటే జాలేసింది. సరేనంది.

ఇన్‌స్పెక్టరు బకేశ్వరరావు వచ్చాడు. కొంగ. ఒంటికాలి మీద నిలబడి అదే ప్రశ్న అడిగాడు. నలభై ఒక్క గొంతులు నోట్సు అప్పజెప్పాయి. ఆయన కళ్లు మూసుకునే "అపోహలు సున్నా" అని రాసి, సంతకం గీకి, చేపలవేళకు వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం మాస్టారు సొరబుర్ర పట్టుకుని హుషారుగా వీరన్న గుడిసెకు వెళ్లాడు. పొయ్యి చల్లగా ఉంది.

"మా పిల్ల చెప్పింది సారూ, ఆ ఆవిరిలో ఉండేది హైడ్రోజనంట, పేలిపోద్దంట. బడిలో చెప్పింది అబద్ధమవుద్దా? గొట్టం పీకి పారేశా. నా ఇల్లు కాపాడారు," అని వీరన్న దణ్ణం పెట్టాడు.

జాంబయ్య ఖాళీ బుర్ర చంకలో పెట్టుకుని తిరిగొచ్చాడు. దారంతా తనను తానే తిట్టుకున్నాడు. పంతొమ్మిదేళ్లు తాగిందొకటి, చెప్పిందొకటి. గొట్టం కొసన నోరు పెట్టి కూర్చుని కూడా అందులోంచి ఏం పడుతోందో చూడని మొద్దు, ఈ అడవి మొత్తంలో తనొక్కడే.

మూడు రోజులు ఓర్చుకున్నాడు. నాలుగో రోజు క్లాసులో నోట్సు మూసేశాడు.

"నేను చెప్పింది తప్పు పిల్లలూ. మరిగితే అణువు ముక్కలవదు. అణువులు ఒకదాన్నొకటి వదిలేసి పైకి పోతాయి, చల్లబడితే మళ్లీ దగ్గరవుతాయి. వరాలు రాసిందే రైటు." సిగ్గేసింది, అయినా ఒళ్లు తేలికపడింది. "వరాలూ, ఈ ముక్క మీ నాన్నకు ఇవాళే చెప్పమ్మా."

వీరన్న పొయ్యి మీదికి గొట్టం మళ్లీ ఎక్కింది. మరుసటి నెల కొంగా మళ్లీ వచ్చింది. అదే ప్రశ్న. పిల్లలంతా "ఆల్కహాలే సార్" అన్నారు.

బకేశ్వరరావు మొదటిసారి కళ్లు తెరిచాడు. "పోయిన నెల సున్నా. ఈ నెల నలభై ఒకటి. ఏం చేశారు మాస్టారూ?"

"తప్పు దిద్దానండి."

"నేను సంతకం పెట్టిన జవాబు తప్పెలా అవుతుందయ్యా?"

జాంబయ్య బోడికొండ ఎక్కాడు. వీరన్న కన్నీళ్లు పెట్టుకుని నింపిచ్చిన సొరబుర్ర మొదటి మలుపు దగ్గరే ఖాళీ అయింది.

నీతి: పిల్లల అపోహలు ఎన్నయినా దిద్దండి, మీవి మాత్రం రిటైరయ్యేదాకా భద్రంగా దాచుకోండి.