కాటాల ఇంట్లో తప్పిన తూకం

ఆ ఆదివారం పొద్దున్న తాతయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. మనవరాలు నిద్ర లేవకముందే ఇంట్లో బరువు చూసుకునే కాటాను బోర్లా తిప్పి, లోపలి స్ప్రింగు స్క్రూను అర తిప్పు తిప్పాలి. ఖాళీగా ఉన్నప్పుడు ముల్లు బుద్ధిగా సున్నా మీదే ఉంటుంది. పిల్ల ఎక్కగానే రెండు కిలోలు తక్కువ చూపిస్తుంది. పిల్ల సంబరపడి, తగ్గింది చాల్లే అనుకుని, ఇంత తింటుంది.

ఊరంతా తిరిగి కిరాణా కొట్ల కాటాలు సరిచేసిన మనిషి ఆయన. ఆయన పెట్టిన కాటాల రిపేరు దుకాణం ఇప్పుడు కొడుకూ కోడలూ నడుపుతున్నారు. గ్రాము తేడా వస్తే నిద్రపట్టనివాడు ఇవాళ దొంగలా వంగి స్క్రూ తిప్పాడంటే, కారణం పిచ్చుక. పదో తరగతి చదివే మనవరాలిని ఇంట్లో అందరూ అలాగే పిలుస్తారు. స్కూలు పరుగు జట్టు ఎంపిక మర్నాడే. బరువు తగ్గితే వేగం పెరుగుతుందని ఎవరో చెవిలో ఊదారు. అంతే, పొద్దున టిఫిన్ మానేసింది, మధ్యాహ్నం కంచం కెలికి లేచిపోతోంది. నిన్న గ్రౌండులో కళ్లు తిరిగి కూలబడింది. బతిమాలారు, కసిరారు, వింటేగా! తాతయ్య ప్రాణం ఉసూరుమంది.

ఆదివారం అందరి ముందూ కాటా ఎక్కడం ఆ ఇంటి ఆనవాయితీ. పిచ్చుక ఎక్కింది. వాళ్ల నాన్న దుకాణంలో అరిచినట్టే గట్టిగా చదివాడు.

"పోయిన వారం కంటే... నాలుగు కిలోలు తక్కువ!"

తాతయ్య వేళ్లు మడిచి లెక్కేశాడు. తను తగ్గించింది రెండే. మరి మిగతా రెండు? నిజంగానే పిల్ల ఒంట్లోంచి కరిగిపోయాయన్నమాట! చూస్తే కొడుకు మొహం పాలిపోయింది. కోడలు గోడకు చేరగిలబడింది. గంతులెయ్యాల్సిన పిచ్చుక కూడా మెల్లిగా దిగి ముల్లు వైపే చూస్తోంది.

"సరిగ్గా చూశావా నాన్నా?" అంది పిచ్చుక.

"నాకు చదవడం రాదంటావా? పొద్దస్తమానం నేను చేసేది అదేగా!"

తర్వాత ఆ ఇంట్లో ఎవరి కాళ్లు ఎవరు తొక్కారో ఎవరికీ తెలీదు. అమ్మ ఉడికించిన గుడ్లు తెచ్చింది, నాన్న అరటిపళ్లు ఒలిచాడు, తాతయ్య పాలగ్లాసు పట్టుకుని వెనకాలే తిరిగాడు.

"కాస్త నమలనివ్వండి!" అంటూనే పిచ్చుక అన్నీ తినేసింది. అది చూసి వాళ్లమ్మకు ఇంకా భయమేసింది.

"మావయ్యగారూ, మారు మాట్లాడకుండా తింటోంది! ఇదేదో పెద్ద జబ్బే!"

వెనకాల దుకాణం నిండా కాటాలే. ఇంకోదాని మీద చూద్దామని మాత్రం ఒక్కరూ అనలేదు. తన గుట్టు బయటపడుతుందని తాతయ్య నోరు కుట్టేసుకున్నాడు. మిగతావాళ్లెందుకు అనలేదో ఆలోచించే తీరిక ఆయనకు లేదు. అందరూ కలిసి పిల్లను పక్క వీధి డాక్టరమ్మ దగ్గరికి మోసుకెళ్లినంత పని చేశారు.

ఆవిడ తన కాటా మీద ఎక్కించి చూసింది. పోయిన వారం ఎంతో ఇప్పుడూ అంతే.

"అమ్మాయి బరువు తగ్గలేదే! మీ ఇంటి కాటా పాడైనట్టుంది. మంచి మెకానిక్‌కు చూపించండి."

ముగ్గురు మెకానిక్కులూ తలలు వంచుకున్నారు. చివరికి తాతయ్యే నోరు విప్పాడు.

"నేనే డాక్టరుగారూ. పిల్ల తింటుందనే ఆశతో రెండు కిలోలు తగ్గించి పెట్టాను."

"నువ్వా నాన్నా?" కొడుకు ఎగిరిపడ్డాడు. "నేనూ అదే పని చేశాను!"

"అయ్యో, మీ ఇద్దరూ లేవకముందే నేనూ రెండు తగ్గించానండీ!" అంది కోడలు.

తాతయ్యకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. వచ్చీ రాగానే లోపలి మెకానిక్ కూడా లేచాడు.

"ఆగండాగండి. మూడు రెళ్లు ఆరు. కాటా చూపించింది నాలుగు. మిగతా రెండూ ఎటు పోయాయి?"

పిచ్చుక మెల్లిగా చెయ్యెత్తింది.

"నేనే తాతయ్యా. బరువు తగ్గితే మీరంతా గోల చేస్తారని, నిన్న సాయంత్రమే రెండు ఎక్కువ చూపించేలా స్క్రూ తిప్పాను. ఎక్కువ చూపించాల్సింది పోయి నాలుగు తక్కువ చూపించేసరికి, ఆరు కిలోలు పోయాయనుకున్నా. చచ్చిపోతాననుకున్నా!" అని బావురుమంది.

ముందు డాక్టరమ్మ నవ్వు మొదలెట్టింది, అది అందరికీ అంటుకుంది. ఏడుస్తూనే పిచ్చుక కూడా పగలబడి నవ్వింది.

"ఎదిగే పిల్లవి, కడుపు మాడ్చుకుని పరిగెత్తితే పడిపోక ఏంచేస్తావ్?" అంది డాక్టరమ్మ కళ్లు తుడుచుకుంటూ. "నీ ఎత్తుకు నీ బరువు సరిపోయింది. మానాలంటే ఫోను చూస్తూ లాగించే చిప్సూ కూల్‌డ్రింకులూ మానెయ్. వేళకు తిను, కంటినిండా నిద్రపో. రేపు కడుపులో ఏదన్నా పడ్డాకే గ్రౌండుకు వెళ్లు."

మర్నాడు తినే వెళ్లింది. కళ్లు తిరగలేదు, కాళ్లు తడబడలేదు. జట్టులో చివరి చోటు దక్కించుకుని, గుమ్మంలోంచే "అమ్మా, ఆకలి!" అని కేకేసింది. ఆ కేక విని తాతయ్య తువ్వాలుతో మొహం కప్పుకుని కాసేపు తియ్యలేదు.

కాటాను మాత్రం బాగుచెయ్యమని ఎదురు వీధిలోని పోటీ దుకాణానికి పంపారు. ఇంట్లో దాన్ని నమ్మి అప్పగించదగ్గ మనిషి ఒక్కరూ మిగల్లేదు.