ఉంది తీసి లేదు పెట్టిన అల్లుడు

కాస్త దగ్గరికి జరగండి. గట్టిగా చెబితే పక్కగదిలో ఉన్న మా రెండో అల్లుడికి వినబడుతుంది. ఆయన్ని చాటుగా ‘ఒక్కలైను’ అంటాం. కుళాయి కారినా, తలుపు కిర్రుమన్నా “ఒక్క లైను రాస్తే అయిపోతుంది” అంటాడు. ఆఫీసులో వారం రోజులు జావాస్క్రిప్ట్ అనే కంప్యూటర్ భాష నేర్పించాక ఆ జబ్బు మరీ ముదిరింది.

సరిగ్గా అప్పుడే ఆయన దవడపన్ను సలపడం మొదలెట్టింది. బుగ్గ బంతిలా ఉబ్బింది. మా అమ్మాయి పళ్ల డాక్టరు దగ్గర ఆన్‌లైన్‌లో రోజు ఖాయం చేసింది. పన్ను పీకడమంటే ఈయనకి ప్రాణం పీకినట్టే.

డాక్టరు పేజీలో “శనివారం ఉదయం మీకు అపాయింట్‌మెంట్ ఉంది” అని ఉంది. ఒక్కలైను తలుపేసుకుని, ‘ఉంది’ అన్న మాట కనబడ్డ చోటల్లా ‘లేదు’ పెట్టమని కంప్యూటర్‌కి నిజంగానే ఒక్క లైను రాశాడు. మీట నొక్కగానే ఉంది పోయి లేదు వచ్చింది. సలుపు కూడా సగం తగ్గిందట.

పెళ్లాన్ని పిలిచి, మొహం దిగాలుగా పెట్టి చూపించాడు. ఆమె ఆ ముక్క దగ్గర ఆగలేదు. పైనుంచి కిందికంటా చదివింది.

“ఇరవై ఏళ్ల అనుభవం లేదు. పరికరాలు మరిగించే ఏర్పాటు లేదు. మత్తుమందు లేదు. ఎంత నిజాయితీపరుడండీ ఈ డాక్టరు!”



ఆమె ఫోను పట్టుకుని వంటింట్లోకి వెళ్లి, కాసేపటికి తిరిగొచ్చింది. ఇలాంటి చోటికి మిమ్మల్ని పంపలేను, మా అన్నయ్య దగ్గరికి పోదామంది. మా పెద్దవాడు పశువుల డాక్టరు. మొన్ననే ఒక గుర్రానికి పన్ను పీకాడు.

“దాన్ని నలుగురు పట్టుకున్నారటగా?” అన్నాడు ఈయన.

“మీకు ఇద్దరు చాలులెండి.”

దాంతో అంతా కక్కేశాడు. పేజీ మార్చింది తనేనని, ఆ మార్పు తన కంప్యూటర్‌లోనే కనబడుతుందని, రిఫ్రెష్ చేస్తే మళ్లీ మామూలేనని చెప్పి, ఆ పళ్ల డాక్టరు దగ్గరికే తీసుకుపొమ్మని బతిమాలాడు.

ఆమె ఫోను ఆయన ముందు పెట్టింది. అందులో అదే పేజీ. అనుభవం ఉంది, మత్తుమందు ఉంది, శనివారమూ ఉంది. అన్నయ్యకి అసలు ఫోనే చెయ్యలేదు.

శనివారం బుగ్గలో దూదితో ఇంటికొచ్చాడు. మా అమ్మాయి ఆయన నోట్లోకి తొంగిచూసి, “పొద్దున ఉంది, ఇప్పుడు లేదు. దీన్ని రిఫ్రెష్ చేసినా తిరిగి రాదండీ” అంది.

గుర్తుపెట్టుకుని నలుగురికీ చెప్పండి. కానీ నేను ఉంది అన్నచోట మీరూ ఉంది అనే చెప్పండి నాయనా.