మామగారు కోసిన గడ్డి

ఆ ఉదయం కోడలు పెట్టుకున్న పని చిన్నదే. పెరట్లో గడ్డి కంకులకు కాగితపు సంచులు తొడిగి, వేళకు పరిశోధన కేంద్రానికి చేరాలి. సాయంత్రం డైరెక్టరుగారు స్వయంగా ఆ మొక్కలను చూడటానికి వస్తున్నారు.

ఆమె పని ఆటమైదానాలకు కొత్త గడ్డి రకాలను తయారుచేయడం. నేలను అంటిపెట్టుకుని పెరిగే గడ్డి కోసం ఆరేళ్లుగా తపస్సు చేస్తోంది. కేంద్రంలో నాటితే పక్క మళ్ల పుప్పొడి గాలికి వచ్చి జాతి కలిసిపోతుందని, ఈ విడత ఇంటి పెరట్లో నాటింది. సంచులు తొడగడం పూర్తవుతుండగా కేంద్రం నుంచి ఫోన్ వచ్చింది. చెప్పులేసుకుంటూ, "మామయ్యా, ఆ గడ్డి సంగతి కాస్త చూడండి" అని వెళ్లిపోయింది.

పదవీ విరమణ చేశాక మామగారికి ఎవరూ ఏ పనీ చెప్పలేదు. ఆయన పొంగిపోయి దాని సంగతి చూశారు. అడ్డంగా ఉన్న సంచులను ఊడదీసి, బుద్ధిగా మడతపెట్టి, పక్కింటాయన దగ్గర కోత యంత్రం అడిగి తెచ్చి పెరడంతా గొరిగేశారు. కోసిన గడ్డిని పక్కింటి కుందేళ్లు ఆనందంగా ఆరగించాయి.

అంతలో అత్తగారు పెరట్లోకి వచ్చి కొయ్యబారిపోయింది. "అది గడ్డి కాదండీ, కోడలి ఉద్యోగం" అంది.

మామగారు గబగబా కాలువ గట్టుకు వెళ్లి, చేతికందిన పిచ్చిగడ్డి పీక్కొచ్చి, గొరిగిన నేలలో గుచ్చి, సంచులన్నీ మళ్లీ తొడిగారు. దూరం నుంచి చూస్తే ఆయనకే ముచ్చటేసింది.

సాయంత్రం డైరెక్టరుగారు ఒక సంచి ఎత్తబోతే మొక్క మొత్తం చేతిలోకి వచ్చేసింది. వేరు దగ్గర వాడిపోయి ఉంది. కోడలు మామగారి వైపు తిరిగింది.

"చూడమన్నావు కదమ్మా," అన్నారాయన నేల చూపులు చూస్తూ.

ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. కానీ గుచ్చిన గడ్డి పక్కన, కురచ మొదళ్ల మధ్య ఏదో కనిపించి మోకాళ్ల మీద కూర్చుంది. అగ్గిపుల్లంత కూడా లేని కంకులు. యంత్రం వాటి పైనుంచే పోయింది. దెబ్బ తగులుతుందేమోనని ఆరేళ్లుగా ఆ మొక్కల మీద ఆమె కత్తి పడనివ్వలేదు. పొడుగు మొక్కల నీడలో ఈ పొట్టివి కంటపడనే లేదు.

డైరెక్టరుగారు కూడా పక్కనే చతికిలబడ్డారు. "పొడుగువి పుప్పొడి రాల్చకముందే పోయాయి. ఆ పిచ్చిగడ్డి వేరే జాతి, దీంతో కలవదు. ఇక పొట్టివి పొట్టివాటితోనే కలిసి, నేలను అంటిపెట్టుకునే గడ్డినే ఇస్తాయి. పూతకు ముందే కోయాలన్న ఆలోచన ఎవరిది?"

కోడలు మట్టి దులుపుకుంటూ లేచి, "మా మామయ్యగారిదండీ" అంది.

టీ తాగుతూ మామగారు, ఇకమీదట పరిశోధనలకు తనకు ఉదయం పూట మాత్రమే వీలవుతుందని డైరెక్టరుగారికి చెప్పారు.